ఉడకబెట్టినా వాసన పోని శంఖం: అక్వేరియంలో వేసే ముందు గవ్వల్ని సిద్ధం చేసే పద్ధతి

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. ఇంట్లో మూడడుగుల ఉప్పునీటి అక్వేరియం ఉంది, నీళ్లు సుమారు 180 లీటర్లు. రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, నాలుగు హెర్మిట్ పీతలు ఉన్నాయి. భీమిలి, యారాడ తీరాల్లో ఏరుకొచ్చిన గవ్వలు, శంఖాలు, చిప్పలు చిన్న బకెట్ నిండా ఉన్నాయి. బీచ్ రోడ్డులో కొన్న మెరిసే గవ్వలు కూడా కొన్ని ఉన్నాయి. మరిగించి వేసేస్తే చాలని ఒకరు, బ్లీచింగ్ పౌడర్‌లో నానబెట్టాలని ఇంకొకరు, అసలు గవ్వలు వేస్తే పీహెచ్ పెరిగిపోయి చేపలు చస్తాయని మరొకరు అంటున్నారు. ఒక పెద్ద శంఖాన్ని రెండుసార్లు ఉడకబెట్టినా వాసన పోవడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ వాసనొచ్చే శంఖం సంగతి చూద్దామండీ. మీ బకెట్‌లో ఉన్న మిగతా వాటి సంగతి కూడా దాంతోనే తేలుతుంది.

రెండుసార్లు ఉడికాక కూడా వాసనొస్తోందంటే లోపల మాంసం మిగిలి ఉందనే అర్థం. ఉడికిస్తే క్రిములు చస్తాయి కానీ మాంసం ఎక్కడికీ పోదు. శంఖంలో ఉండే నత్త శరీరం నోటి దగ్గరే ఆగదు, మెలికలు తిరుగుతూ కొన దాకా ఉంటుంది. ముందు భాగం కండ కాబట్టి పట్టి లాగితే వచ్చేస్తుంది. వెనక ఉండే జీర్ణగ్రంథి చాలా మెత్తన. లాగేటప్పుడు అది తెగి కొనలోనే ఉండిపోతుంది. బయటి నుంచి ఎంత తోమినా బ్రష్ అక్కడికి చేరదు.

ఆ మిగిలిన ముక్క ఎంత చెరుపు చేస్తుందో లెక్క వేసుకోవచ్చు. ఒక గ్రాము మాంసంలో 15 శాతం ప్రోటీన్ ఉందనుకుంటే, అందులో నైట్రోజన్ సుమారు 24 మిల్లీగ్రాములు. అది మొత్తం కుళ్లి అమ్మోనియాగా మారితే మీ 180 లీటర్లలో 0.13 పీపీఎం (లీటరుకు 0.13 మిల్లీగ్రాములు) నైట్రోజన్ చేరినట్టు. ఆరేడు శంఖాల్లో తలా ఒక గ్రాము దాక్కుని ఉంటే అది 0.8 దాటుతుంది. పాత ట్యాంకులో బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను కొంత తీసేస్తుంది, నిజమే. కానీ ఉప్పునీటి పీహెచ్ 8 పైనే ఉంటుంది కాబట్టి, అదే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం మంచినీటి ట్యాంకులో కంటే బాగా ఎక్కువ. చేపలకే కాదు, మీ రొయ్యకూ అది ప్రమాదమే.

కాబట్టి పనంతా ఆ చివరి మెలిక దాకా నీళ్లు, మందు (అంటే బ్లీచ్) చేర్చడం, తర్వాత ఆ మందును మళ్లీ అక్కడి నుంచి బయటికి రప్పించడం. ఈ రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు.

కడగడానికి ముందు బకెట్‌ను నేల మీద ఒంపి ఏరండి. దీనికి ఓ గంట పడుతుంది, పట్టనివ్వండి.

ముందుగా, ప్రాణం ఉన్నవేమైనా ఉన్నాయా చూడాలి. అప్పుడే ఏరుకొచ్చిన గుల్లల్ని సముద్రపు నీళ్లలో రెండు గంటలు కదపకుండా ఉంచండి. నోటికి గట్టి మూత బిగించి ఉన్నా, సన్నటి కాళ్లు బయటికి తొంగిచూసినా ఆ గుల్ల మీది కాదు. తెచ్చిన తీరంలోనే నీటి అంచున వదిలేయాలి. చూడ్డానికి ఐస్‌క్రీం కోన్ ఆకారంలో, వెడల్పు వైపు పైన ఉండే కోన్ జాతి గుల్లల్ని తీరంలో చేత్తో తీయొద్దు. లోపల నత్త బతికి ఉంటే విషపు ముల్లు గుచ్చుతుంది. వాటిలో కొన్ని జాతుల విషానికి మనుషులు చనిపోయారు కూడా.

తర్వాత చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని రక్షిత జాబితాలో 2001లో కొన్ని సముద్రపు గుల్లలు చేరాయి. గదులు గదులుగా ఉండే నాటిలస్, పొడవాటి బాకా ఆకారపు ట్రైటన్, శిరస్త్రాణంలా బరువుగా ఉండే హార్న్‌డ్ హెల్మెట్, అలలు అలలుగా అంచులుండే జెయింట్ క్లామ్ రకాలు అందులో ముఖ్యమైనవి. పగడపు ముక్కలు, అంటే గట్టి కోరల్ ఏదైనా సరే, అదే రక్షణలోకి వస్తాయి. ఎండిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చినదే కదా అన్న వాదన అక్కడ పనికిరాదు. ఇవి దుకాణంలో అమ్మకానికి కనిపించినా కొనకండి.

ఇక బీచ్ రోడ్డులో కొన్న మెరిసేవి. సముద్రంలోనే మెరుపుతో పుట్టే గవ్వలు కొన్ని ఉన్నాయి, పులిగవ్వ లాంటివి. మిగతా వాటి మెరుపు చాలావరకు వార్నిష్‌తోనో నూనెతోనో వచ్చింది. తేల్చుకోవడం తేలిక. కనబడని చోట ఒక చుక్క వెనిగర్ గానీ నిమ్మరసం గానీ వేయండి. ఒట్టి గుల్ల అయితే సున్నపు పదార్థం కాబట్టి సన్నటి బుడగలు లేస్తాయి. పూత ఉంటే చుక్క ముత్యంలా నిలబడుతుంది, బుడగ రాదు. ఇంకా అనుమానంగా ఉంటే సూదిని ఎర్రగా కాల్చి తాకించండి, పూత ఉంటే ప్లాస్టిక్ కమురు వాసన వస్తుంది. పూత పూసినవి, రంగు వేసినవి, కీచైన్ కోసం కన్నం పెట్టి తీగ కట్టినవి, జిగురుతో అతికించి బొమ్మలు చేసినవి అన్నీ హాల్లో గాజు గిన్నెలోకే. పూతను గీకి వాడదామని చూడకండి. బయటిది పోతుందేమో గానీ నోటి లోపలికి కారి గట్టిపడింది పోదు. ఇంట్లో పూజకు వాడిన శంఖమైనా అంతే. పసుపు, కుంకుమ, నెయ్యి దాని సన్నటి రంధ్రాల్లోకి దిగి ఉంటాయి, చాలావాటికి ఇత్తడి తొడుగు కూడా ఉంటుంది. ఇత్తడిలో రాగి ఉంది, రొయ్యకు రాగి పడదు.

మీరు ఏరిన తీరాలు ఫర్వాలేదు. ఫిషింగ్ హార్బర్ పక్కన, పడవలకు రంగులు వేసే చోట, ఓడరేవు గోడల దగ్గర మాత్రం ఏరకండి. పడవ అడుగున నాచు పట్టకుండా వేసే రంగుల్లో రాగి కలుస్తుంది, డీజిల్ ఉంటుంది. గుల్లకు నల్లటి తారు ముద్ద అంటుకుని ఉంటే శుభ్రం చేసే ప్రయత్నం వద్దు, పారేయండి. ఇనుప గాలం ముక్కగానీ సీసపు గుండుగానీ ఇరుక్కున్నవి కూడా అంతే.

భీమిలి గుల్లల్లో ఇంకో సంగతి ఉంది. అక్కడి ఇసుకలో నల్లటి గింజలు చూసే ఉంటారు. అవి ఇల్మెనైట్, గార్నెట్, మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలు. వీటిలో మాగ్నటైట్ అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. గుల్ల మెలికల్లో దాక్కున్న ఆ గింజలు ట్యాంకులోకి జారితే పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లు కదిలించే పంపు) లోపల తిరిగే అయస్కాంతానికి పట్టుకుని దాని ఇరుసును అరగదీస్తాయి. అద్దం తుడిచే మాగ్నెట్ క్లీనర్ కింద చేరితే అద్దం మీద గీతలు పడతాయి. పంపు గరగరలాడుతోందని దాన్ని మార్చేస్తారు గానీ ఇసుక మీద ఎవరికీ అనుమానం రాదు. కడిగి ఆరాక గుల్లను తెల్ల కాగితం మీద బోర్లించి తట్టి, రాలిన ఇసుక దగ్గర చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. ఒక్క గింజ లేచినా ఇంకోసారి కడగాలి.

ఇప్పుడు కడగడం. మామూలు మంచినీళ్లలో ఒక రోజు నానబెట్టి, మధ్యలో మూడుసార్లు నీళ్లు మార్చండి. పైనున్న నాచును గట్టి టూత్‌బ్రష్‌తో తోమండి. సబ్బు, గిన్నెల పౌడర్, డిటర్జెంట్ దగ్గరికి రానివ్వొద్దు. నురగ మెలికల్లో మిగిలిపోతే చేపల మొప్పల మీద పొరను దెబ్బతీస్తుంది. మెలికల లోపలికి మెడికల్ షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి, దాని కొనకు ఒక అడుగు అక్వేరియం గాలి గొట్టం తగిలించండి. గొట్టాన్ని నోట్లోంచి ఎంత దూరం పోతే అంత దూరం తోసి నీళ్లు కొట్టండి. నల్లగా, జిగటగా వచ్చేదంతా ఆ వెనక భాగమే.

తాజాగా వలలో పడ్డ శంఖం, లోపల నత్త చచ్చి ఉన్నది దొరికితే దానికి ఉడకబెట్టడం పనికొస్తుంది. చన్నీళ్లలో వేసి నీళ్లతో పాటే వేడెక్కనివ్వాలి, మరిగాక పది పదిహేను నిమిషాలు. కండ వదులవుతుంది. వేడిగా ఉండగానే ఫోర్క్ గుచ్చి, మెలిక తిరిగిన వైపుకే తిప్పుతూ నెమ్మదిగా లాగితే తెగకుండా మొత్తం వస్తుంది. లాగిందాన్ని చూడండి, చివర సన్నగా చుట్టుకున్న తోక కనిపిస్తే పూర్తిగా వచ్చినట్టు, మొండిగా తెగి ఉంటే లోపల మిగిలినట్టు. మరిగే నీళ్లలోకి గుల్లను నేరుగా పడేస్తే, ముఖ్యంగా మెరిసే గవ్వలకు, సన్నటి పగుళ్లు వస్తాయి. మీ శంఖానిది ఎండి అతుక్కుపోయిన మాంసం కాబట్టి ఈ పద్ధతి దానికి ఇక పనిచేయదు.

ఉడకబెట్టడం గురించి ఒక గట్టి హెచ్చరిక. మెత్తటి కోరల్ లాంటి జీవులు, బొత్తాల్లాంటి పాలిథోవా గానీ, ఏ పెరుగుదలైనా గానీ అంటుకుని ఉన్న గుల్లనూ రాయినీ ఎప్పుడూ ఉడకబెట్టకండి, వేడినీళ్లతో కడగకండి, మైక్రోవేవ్‌లో పెట్టకండి. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది ఆవిరితో పాటు గాల్లోకి లేస్తే ఇంటిల్లిపాదీ ఊపిరాడక ఆసుపత్రి పాలవుతారు. అలా జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తీరంలో ఏరిన ఒట్టి గుల్లకు ఈ భయం లేదు. ట్యాంకులో కొన్నాళ్లు ఉండి ఏదో మొలిచిన గుల్లను మళ్లీ శుభ్రం చేసేటప్పుడే ఇది గుర్తుండాలి.

ఎండిన మాంసానికి బ్లీచ్ సరైన మందు. బ్లీచింగ్ పౌడర్ వాడమన్నవారు తప్పు చెప్పలేదు, ఎలా వాడాలో చెప్పి ఉండరు. వాసన, రంగు, సబ్బు కలపని ద్రవరూప బ్లీచ్, 4 నుంచి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్నది దొరికితే అదే మేలు. ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు. బ్లీచింగ్ పౌడరే ఉంటే లీటరు నీళ్లకు 15 గ్రాములు. 30 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్‌తో ఇది కూడా దాదాపు అంతే గాఢత ఇస్తుంది. పౌడర్‌లో సున్నం ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా గుల్లల మీద చల్లకూడదు. వేరే మగ్గులో నీళ్లు పోసి, నీళ్లలోకి పౌడర్ వేసి కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లు మాత్రం వంచుకోండి. లేకపోతే మెలికల్లో సున్నపు మడ్డి చేరి గట్టిపడుతుంది. తేమ తగిలి ముద్ద కట్టిన పాత పౌడర్‌కు బలం ఉండదు. మన ఊరి ఉక్కకు రెండు వానాకాలాలు చూసిన డబ్బాను నమ్మకండి.

ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, స్టీలు గిన్నె వద్దు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు, బాల్కనీలోనో డాబా మీదో పని. బ్లీచ్‌లో వెనిగర్, నిమ్మరసం, బాత్రూం కడిగే యాసిడ్ ఏదీ కలవకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. గుల్లకు మెరుపు వస్తుందని యాసిడ్‌లో ముంచమనే సలహా కూడా వింటారు. యాసిడ్ గుల్లనే కరిగిస్తుంది, పై గీతలూ రంగులూ పోయి సుద్దలా అవుతుంది.

గుల్లల్ని బ్లీచ్‌లో ఊరికే పడేస్తే శంఖం కొనలో గాలి బుడగ ఇరుక్కుంటుంది, అక్కడికి మందు చేరదు. మీ శంఖం లాంటి వాటి విషయంలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. బ్లీచ్ ద్రావణంలో ముంచి ఉంచే, నోరు పైకి, పక్కకు, మళ్లీ పైకి తిప్పుతూ బుడగలు పూర్తిగా ఆగేదాకా తిప్పండి. అదే సిరంజి గొట్టంతో బ్లీచ్‌ను లోపలికి కొడితే ఇంకా ఖాయం. చిన్న గుల్లలకు ఒక రోజు చాలు. పెద్ద శంఖానికి రెండు మూడు రోజులు, రోజూ కొత్త ద్రావణం, రోజూ సిరంజితో కడగడం. మాంసం కరుగుతుంటే బ్లీచ్ బలం అయిపోతుంది. ఘాటు తగ్గి నీళ్లు పసుపుగా మారితే మార్చాల్సిందే. సిరంజితో కొట్టిన నీళ్లు వెళ్లినంత తేటగా బయటికొచ్చేదాకా ఆపకండి.

ఎక్కువ రోజులుంచితే ఇంకా శుభ్రమవుతుందా అంటే, కాదు. బ్లీచ్ సున్నాన్ని కరిగించదు కానీ గుల్ల పొరల మధ్య ఉండే జిగురు లాంటి ప్రోటీన్‌ను తినేస్తుంది. వారాల తరబడి ఉంచితే పైభాగం పొడిరాలుతుంది. సహజమైన మెరుపున్న గవ్వలకు, పలచటి రంగు చిప్పలకు బ్లీచ్ ఆరు గంటలు దాటనివ్వకండి. లేదా మెడికల్ షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సమానంగా నీళ్లు కలిపి ఒక రోజు ఉంచండి. అది చివరికి నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది కాబట్టి మిగిలేదేమీ ఉండదు. అయితే మెలికల లోపలి మాంసానికి దాని బలం చాలదు.

ఇప్పుడు ఆ క్లోరిన్‌ను బయటికి తీయాలి. ముందు నాలుగైదు సార్లు మంచినీళ్లలో, ప్రతిసారీ సిరంజితో మెలికలు కడుగుతూ జాడించండి. తర్వాత అక్వేరియం షాపుల్లో యాంటీ క్లోరిన్ గింజలని అమ్మేవి, అంటే హైపో అనే సోడియం థయోసల్ఫేట్, లీటరుకు 5 గ్రాములు కలిపి, మళ్లీ బుడగలు పోయేలా తిప్పి, ఒక రోజు నానబెట్టండి. ఒక పాలు క్లోరిన్‌ను తీసేయడానికి సుమారు ఏడు పాళ్ల హైపో కావాలి. ఆ లెక్కన 5 గ్రాములు దాదాపు 700 మిల్లీగ్రాముల క్లోరిన్‌కు సరిపోతాయి. మన బ్లీచ్ ద్రావణం మిల్లీలీటరుకు సుమారు నాలుగున్నర మిల్లీగ్రాములు. అంటే జాడించకుండా నేరుగా హైపోలో వేస్తే, లీటరు హైపో నీళ్లలోకి మెలికల నుంచి గ్లాసుడు బ్లీచ్ కారినా చాలు, హైపో అంతా ఖర్చయిపోయి క్లోరిన్ మిగులుతుంది. ముందు జాడించమనడం అందుకే.

హైపో కడిగేశాక గుల్లల్ని మూతున్న సీసాలో, ఆర్వో నీళ్లలో ఒక రాత్రి ఉంచి, పొద్దున మూత తీయగానే వాసన చూడండి. స్విమ్మింగ్ పూల్‌కు వాడే క్లోరిన్ టెస్ట్ చుక్కలుంటే ఆ నీళ్లలోనే వేసి చూడండి, రంగు రాకూడదు. మున్సిపల్ కుళాయి నీళ్లతో ఈ పరీక్ష చేయకండి, అందులోనే క్లోరిన్ ఉంటుంది, మీరు కంగారుపడతారు.

తర్వాత డాబా మీద, నోరు కిందికి వాలేలా, ఎండలో. వేసవిలో మూడు రోజులు. ముసురు రోజుల్లో వారం పైనే, వల కప్పి ఉంచాలి. ఆరిందా లేదా అన్నది చేత్తో చూసి చెప్పలేం. పెద్ద శంఖాన్ని వంటింటి కాటాలో రోజూ తూచండి, రెండు రోజుల పాటు బరువు మారకపోతే లోపల తడి లేనట్టు. ఇదే సమయంలో చీమలు ఒక శంఖం నోట్లోకి బారు కడితే వాటి మాట నమ్మండి. అందులో మాంసం ఇంకా ఉంది, ఆ ఒక్కదాన్నీ మళ్లీ బ్లీచ్‌లో వేయండి. రెండోసారి కూడా చీమలొస్తే మీ ఓపికను బట్టి రెండు దారులున్నాయి. కొన దగ్గర సన్నటి డ్రిల్‌తో కన్నం పెట్టి ఆ దారిన కడిగెయ్యడం ఒకటి, షోకేసులో పెట్టుకోవడం ఇంకొకటి. డ్రిల్ చేసేటప్పుడు గుల్లను తడిగా ఉంచి, ముఖానికి మాస్కు కట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ట్యాంకులోకి నేరుగా వద్దు. ఒక బకెట్‌లో పది లీటర్ల కొత్త ఉప్పునీళ్లు, సాంద్రత 1.025 దగ్గర కలిపి, గుల్లలు వేసి, గాలి రాయి పెట్టి వారం రోజులుంచండి. గుల్లలు వేయక ముందే ఒకసారి అమ్మోనియా చూసి రాసుకోండి, తర్వాత మూడో రోజు, ఏడో రోజు. పెరగకపోతే సరే. 0.25 పీపీఎం కనిపించినా ఎక్కడో మాంసం ఉంది. అప్పుడు అనుమానమున్న వాటిని ఒక్కో సీసాలో ఒక్కోటి వేసి రెండ్రోజులకు పరీక్షిస్తే దొంగ దొరుకుతుంది. ఫాస్ఫేట్ కిట్ ఉంటే అదీ చూడండి. 0.1 పీపీఎం దాటితే ట్యాంకులో నాచు విరగబడుతుంది, నీళ్లు మార్చి ఇంకో వారం ఉంచండి.

ఇక పీహెచ్ భయం. అది మంచినీటి ట్యాంకుల వాళ్ల మాట, అక్కడ నిజమే. నీరు ఆమ్ల గుణంతో ఉంటే గుల్ల కరిగి పీహెచ్‌ను, గట్టిదనాన్ని పెంచుతుంది. మీ ఉప్పునీళ్ల పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది, కాల్షియం 400 పీపీఎం పైన ఉంటుంది. ఆ నీళ్లలో గుల్లల పదార్థం ఇప్పటికే నిండిపోయి ఉన్నట్టు, ఇక కరగడానికి చోటు లేదు. అందుకని గవ్వలు వేస్తే చేపలు చావవు. దీనికి రెండో వైపు కూడా చూడాలి. గవ్వలున్నాయి కాబట్టి కాల్షియం అందుతుంది, పీహెచ్ తనంతట తనే నిలబడుతుంది అని చెప్పేవాళ్ల మాట కూడా ఉత్తదే. గుల్లల్ని కరిగించాలంటే కాల్షియం రియాక్టర్ అనే పరికరంలో కార్బన్ డయాక్సైడ్ పంపి పీహెచ్‌ను 6.5 దాకా దించాల్సి వస్తుంది. మీ ట్యాంకులో గవ్వలు అందానికీ, పీతల ఇళ్లకూ.

పీతల విషయానికొస్తే, ఒక్కో హెర్మిట్ పీతకు కనీసం రెండు ఖాళీ గుల్లలుండాలి, మీ నాలుగింటికి ఎనిమిది. ఇప్పుడున్న దానికంటే కొంచెం పెద్దవి, ఇంకొన్ని బాగా పెద్దవి. పీత లోపలికి ముడుచుకున్నప్పుడు పెద్ద డెక్కతో తలుపు వేసుకుంటుంది, కాబట్టి నోటి వెడల్పు ఆ డెక్కకు సరిపోవాలి. గుండ్రని నోరున్న నత్తగుల్లల్ని చాలా రకాల పీతలు ఇష్టపడతాయి. పెదవి విరిగి పదునుగా ఉన్నవి, కన్నం పడ్డవి వాటికి పనికిరావు. సరిపడా ఇళ్లు లేకపోతే పీతలు ఒకదాన్నొకటి బయటికి లాగి చంపుకుంటాయి. ట్యాంకులోని నత్తల్ని కూడా చంపి గుల్లలు ఆక్రమిస్తాయి.

అమర్చేటప్పుడు చిప్పల్ని గిన్నెల్లా వెల్లకిలా పెట్టకండి, మిగిలిన మేత వాటిలో చేరి కుళ్లుతుంది. బోర్లా పెట్టినా అంచు ఇసుకలోకి పూర్తిగా దిగకూడదు, కింద నీళ్లు కదలాలి. శంఖం నోరు నీటి ప్రవాహం వైపు, కొద్దిగా కిందికి వాలి ఉండాలి. ఇసుకలో సగం పాతిపెట్టిన పెద్ద శంఖం కొనలో నీళ్లు నిలిచిపోయి, ఆక్సిజన్ అందక హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. దాన్ని కదిపినప్పుడు కింద నల్లగా, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో ఉంటే అదే. ఆ సమయంలో చేపల్ని దూరంగా తరిమి, గుల్లను నెమ్మదిగా బయటికి తీసి, సగం నీళ్లు మార్చండి. 180 లీటర్లకు పీతల గుల్లలు కాక పది పన్నెండు మించి వద్దని నా సలహా. బకెట్ నిండా ఏరారని బకెట్ మొత్తం వేయనక్కర్లేదు.

మొదట నాలుగైదే వేయండి. వారం రోజులు అమ్మోనియా చూస్తూ, రొయ్య రాత్రిళ్లు మామూలుగా తిరుగుతోందా, చేప పక్కకొస్తే శుభ్రం చేస్తోందా గమనించి, తర్వాత మిగతావి. రెండు మూడు వారాల్లో తెల్లటి గుల్లల మీద గోధుమరంగు పొర పడుతుంది, అది డయాటమ్ నాచు, జబ్బు కాదు. ట్యాంకు నీళ్లతోనే టూత్‌బ్రష్‌తో తోమితే పోతుంది. ఎప్పుడూ తెల్లగానే ఉండాలంటే రెండు జతలు పెట్టుకుని మార్చుకుంటూ ఉండండి. ప్రతిసారీ బ్లీచ్ పెడితే గుల్ల పాడవుతుంది, పెరాక్సైడ్ చాలు.

ఎప్పుడైనా చేపలకు తెల్లమచ్చ జబ్బు వచ్చి రాగి మందు వాడాల్సి వస్తే, చేపల్ని వేరే చిన్న ట్యాంకులోకి మార్చి అక్కడ వైద్యం చేయండి. గవ్వలున్న చోట రాగి వేస్తే గుల్లలు దాన్ని పీల్చుకుని, మందు మోతాదు పడిపోతుంది, తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతూ ఉంటాయి. ఎవరైనా పాత ట్యాంకు ఎత్తేస్తూ గవ్వలు ఇస్తామంటే మీరు అడగాల్సిందీ ఇదే, అందులో ఎప్పుడైనా రాగి మందు వేశారా అని. వేశామన్నా, గుర్తు లేదన్నా ఆ గవ్వలు రొయ్య ఉన్న ట్యాంకుకు పనికిరావు.